నలభై దాటాక చెక్కపని మొదలుపెట్టాలనుంది. విశాఖ వాళ్ళు సలహా చెప్పండి

ఉక్కునగరం_షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నాది షిఫ్టు డ్యూటీ, వయసు నలభై నాలుగు. ఇంట్లో మేకు కొట్టాల్సి వస్తే కొడతాను, అంతకు మించి చేతిపని ఏదీ తెలియదు.

ఈమధ్య పిల్లలతో ఏటికొప్పాక వెళ్ళాం. ఒక ఇంటి అరుగు మీద లేత్ పెట్టుకుని ఒకాయన బొమ్మలు చేస్తున్నారు. తిరుగుతున్న కర్రకి ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ రాలింది. రెండు నిమిషాల్లో ఆ తుండు కాస్తా చిన్న చెంబయింది. తర్వాత రంగు లక్క కడ్డీని దానికి అదిమిపెట్టారు. నిప్పూ లేదు, బ్రష్షూ లేదు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేసింది. ఆఖర్న మొగలి ఆకు మడిచి ఒత్తితే మెరుపు తేలింది.

పిల్లలు లక్కపిడతలు కొనుక్కుని సంతోషపడ్డారు. నాకు మాత్రం ఆ పని చెయ్యాలని గట్టిగా అనిపించింది, అప్పట్నుంచీ అదే ఆలోచన. చిన్న లేత్ మిషన్ కొని ఫ్లాట్ బాల్కనీలో పెట్టుకోవచ్చా? ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చా? ఈ వయసులో చెయ్యి తిరుగుతుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

కంచరపాలెం_కుర్రోడు | ఆదివారం, రాత్రి 10:15

సూపర్ అన్నయ్యా! ఆన్‌లైన్‌లో మినీ లేత్‌లు దొరుకుతాయి. నేర్చుకున్నాక ఇన్‌స్టాలో పేజీ పెట్టెయ్, ఏటికొప్పాక స్టైల్ బొమ్మలకి మంచి గిరాకీ ఉంది. మిషన్ ఖర్చు తొందరగానే వచ్చేస్తుంది.

ఉలి_సాన | సోమవారం, ఉదయం 6:10

షిఫ్ట్ గారూ, నేను ఫౌండ్రీ ప్యాటర్న్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. పోత పొయ్యడానికి ముందు ఆ వస్తువుని చెక్కతో చేసే సెక్షన్ అది. కాబట్టి చెక్క గురించి కొంచెం చెప్పగలను.

లేత్ ఇప్పుడే కొనకండి. ఫ్లాటులో మోటారు మోతతో, దుమ్ముతో కింద ఇంటివాళ్ళకి ఇబ్బంది. అంతకంటే ముఖ్యం, పక్కన చూసేవాళ్ళు లేకుండా లేత్ దగ్గర నిలబడటం ప్రమాదం. ఉలి కోణం కొంచెం తేడాగా ఆనితే కర్ర దాన్ని లాగేసుకుంటుంది. లుంగీ అంచైనా, పొడుగు చేతుల చొక్కా అయినా చుట్టుకుందంటే మోటారు ఆగదు. అది గురువు పక్కనుండగా నేర్చుకోవాల్సిన పని.

మరి ఏం చెయ్యాలి? ఒక చాకు, ఒక రంపం, ఒక సాన రాయి. ఇవి చాలు. ముందుగా సాన పట్టడం నేర్చుకోండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మానేసేది ఇక్కడే. మొండి ఉలితో తోసి తోసి చెయ్యి నొప్పెట్టి, ఇది మనవల్ల కాదు అనుకుంటారు. చెయ్యి మంచిదే, అంచు లేదు.

పూర్ణామార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో రెండు వైపులా వాడుకునే కార్బొరండం రాయి దొరుకుతుంది. దానికి తోడు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) 400, 1000, 2000 నంబర్లు తెచ్చుకోండి. మందపాటి గాజు పలక మీద పేపర్ తడిపి పరిస్తే అది కూడా సాన రాయే. ఉలి ఏటవాలుగా ఉన్న ముఖాన్ని సుమారు 25 డిగ్రీల కోణంలో ఆనించి, మణికట్టు కదలకుండా ఒళ్ళంతా ముందుకీ వెనక్కీ ఊగుతూ రుద్దాలి. కాసేపటికి అంచు అవతలి పక్క బొటనవేలిని అంచుకి అడ్డంగా, లోపల్నుంచి బయటికి లాగి చూడండి. సన్నటి గరుకు తగులుతుంది. ఆ గరుకు అంచు పొడుగునా ఒకేలా తగిలాకే తిప్పి రెండో పక్క పట్టాలి. ఆ తర్వాత 1000, 2000 పేపర్లు, చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగడం. అప్పుడు కాగితం అంచుని గాల్లో పట్టుకుని కోసి చూడండి. చప్పుడు లేకుండా కోసుకుపోవాలి.

ఇక వయసు మాట. మా సెక్షన్లోకి ఐటీఐ పిల్లలు వచ్చేవారు. చురుకైనవాళ్ళే కానీ ఒక ముక్క పాడైతే విసిరేసి ఇంకోటి తీసేవారు. పెద్దవయసులో వచ్చినవాళ్ళు ఆ ముక్క ఎందుకు చీలిందో తిప్పి తిప్పి చూసేవారు. చెక్కపనికి ఆ చూపు కావాలి. మీరు మొదలుపెట్టండి.

దారపుండ_ఎంవీపీ | సోమవారం, ఉదయం 11:30

చెక్కపని నాకు తెలియదు కానీ ఈ ప్రశ్నకి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను యాభై దాటాక క్రోషా పట్టుకున్నాను. పిల్లలు చదువులకి వెళ్ళిపోయాక సాయంత్రాలు పొద్దు గడవడం కష్టంగా ఉండేది. మా పెద్దమ్మది నరసాపురం వైపు. అక్కడ లేసు అల్లిక ఇంటింటి పని, పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పించింది. ఆవిడ మాట్లాడుతూనే అల్లేది, సూది వైపు చూసేదే కాదు. మేం పక్కన కూర్చుని చూసేవాళ్ళమే తప్ప ఎప్పుడూ పట్టుకోలేదు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లో అది చదివినప్పుడు ఆవిడ బాగా గుర్తొచ్చింది.

షిఫ్ట్ గారికి నా అనుభవం ఒకటి చెప్తాను. మొదట్లో వీడియో చూసి ఎలుగుబంటి బొమ్మ, టేబుల్ గుడ్డ, ఇంకేదో అంటూ పది రకాలు పెట్టుకోవద్దు. నేను చిన్న చదరపు ముక్క ఒకటే మళ్ళీ మళ్ళీ అల్లాను. మొదటివన్నీ ఒక పక్క కుంచించుకుపోయి, ఇంకో పక్క వదులుగా ఉండేవి. దారాన్ని ఎడమచేతి వేళ్ళ మధ్య ఎంత బిగువుగా పట్టుకోవాలో నోటితో చెప్పేది కాదు, వేళ్ళకే తెలియాలి. ఒకరోజు టీవీ చూస్తూ అల్లుతున్నాను, వరస పూర్తయ్యాక చూస్తే కుట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆ ముక్కని ఇప్పటికీ దాచుకున్నాను.

విశాఖలో క్రోషా మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఇంకో మాట: ఉన్ని కొనకండి, మన ఉక్కకి చెమట చేతులకి అంటుకుంటుంది. నూలు దారం హాయిగా ఉంటుంది. సన్నటి స్టీలు సూదులు ఈ సముద్రపు గాలికి తుప్పు పడతాయి, వాడాక తుడిచి నూనె గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి.

వరాహ_ఒడ్డు | సోమవారం, రాత్రి 8:40

షిఫ్ట్ గారూ, మాది ఏటికొప్పాకేనండి. మా నాన్న, మా చిన్నాన్న లేత్ మీద పనిచేస్తారు. నేను అనకాపల్లిలో ఉద్యోగం చేస్తాను, సెలవులకి వెళ్ళినప్పుడు ఉలి పట్టుకుంటాను. మీకు మా ఊరి పని అంత నచ్చినందుకు చాలా సంతోషం.

మీరు చూసిన తెల్ల కర్ర అంకుడు. చాలా మెత్తన. చారలు పెద్దగా కనపడవు, అందుకే రంగు సమంగా పడుతుంది. కొట్టిన కర్రని వెంటనే వాడరు, బాగా ఆరనివ్వాలి. పచ్చిగా లేత్ ఎక్కిస్తే చేసినప్పుడు గుండ్రంగానే ఉంటుంది, ఆరాక సొట్టపోతుంది. రంగులకి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, ఇలాంటివి లక్కలో కలుపుతారు. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ. మధ్యలో కొన్నాళ్ళు రసాయన రంగులు వచ్చేశాయి. పసిపిల్లలు బొమ్మ నోట్లో పెట్టుకుంటారు కదా, అందుకని మళ్ళీ చెట్ల రంగులకి రావాలని మా ఊళ్ళో సి.వి.రాజు గారు పట్టుబట్టారు. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా మా బొమ్మలదే, మూడో బహుమతి వచ్చింది. మా నాన్న ఆ రోజు లేత్ ఆపేసి టీవీ ముందు కూర్చున్నారు.

నేర్చుకోవడం గురించి: ఊరికి రండి. హైవే మీద అడ్డరోడ్డు దగ్గర దిగితే ఆటోలుంటాయి. కానీ ఒక పూట చూసి వెళ్ళిపోతే పని రాదు. ముందు ఉలి సాన గారు చెప్పినట్టు ఇంటి దగ్గర చేతిపనిముట్లతో కర్ర గురించి తెలుసుకుని రండి. పీచు ఎటు వాలుందో, ఉలి ఎక్కడ కొరుకుతుందో తెలిసినవాళ్ళకి లేత్ దగ్గర సగం పని చెప్పక్కర్లేదు.

కంచరపాలెం తమ్ముడికి ఒక మాట, ఏమీ అనుకోవద్దు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి ఎవరు పడితే వాళ్ళు అమ్మకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, మా నాన్నలాంటివాళ్ళకి ఆ పేరే బతుకు. మెషిన్ మీద చేసి స్ప్రే పెయింట్ కొట్టినవి మా పేరుతో తక్కువ ధరకి వస్తుంటే నిజమైన లక్క పనికి ధర రావట్లేదు. ఇంట్లోకి చేసుకోండి, స్నేహితులకి ఇవ్వండి, మాకు ఆనందమే.

కంచరపాలెం_కుర్రోడు | సోమవారం, రాత్రి 9:05

ఈ కోణం నాకు తెలియదు అన్నా. చెప్పినందుకు థాంక్స్. పేరు వాడను, ఎవరైనా వాడుతుంటే చెప్తాను కూడా. కానీ మొత్తంగా అమ్మకూడదు అంటే మాత్రం ఒప్పుకోను. నేను డెలివరీ పని చేస్తూ పేపర్ క్విల్లింగ్, అంటే సన్నటి కాగితం పట్టీలు చుట్టి అతికించే పని, చేస్తాను. సొంత డిజైన్లే. నా కార్డులు కొన్నవాళ్ళు ఇచ్చిన డబ్బుతోనే మంచి కాగితం కొనుక్కోగలిగాను. డబ్బున్నవాళ్ళకి హాబీ అంటే సరదా, మాలాంటివాళ్ళకి ఆ ఖర్చుకి ఇంట్లో లెక్క చెప్పాలి.

దారపుండ_ఎంవీపీ | సోమవారం, రాత్రి 9:40

తమ్ముడూ, నువ్వన్నదీ నిజమే. దారం ఖర్చు నాకు పెద్ద లెక్క కాదు కాబట్టి ఆ మాట నాకు తట్టలేదు. నా భయమల్లా ఒకటే. మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ నాతోపాటే మొదలుపెట్టి చాలా అందంగా అల్లేది. ఆర్డర్లు తీసుకుంది. అందరూ ఒకే రకం బేబీ టోపీ అడిగారు. రాత్రిళ్ళు కూర్చుని ఆ టోపీలే అల్లీ అల్లీ, చివరికి సూది పక్కన పడేసింది. అడిగితే ఇప్పుడు దారం చూస్తేనే విసుగొస్తోంది అంటుంది. అంత చెయ్యి ఉన్న మనిషి మానేసిందంటే నాకు చాలా బాధేసింది. అమ్ముకో, కానీ నీకోసం చేసుకునేది ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంచుకో.

సీతమ్మధార_వేప | మంగళవారం, ఉదయం 7:20

నేను చెక్కపనిలోకి వచ్చింది హుద్‌హుద్ తుఫాను వల్ల. 2014 అక్టోబరు 12. ఆ గాలి ఆగాక తలుపు తీసి చూస్తే మా వీధిలో నిలబడిన చెట్టు దాదాపు లేదు. మా ఇంటి ముందు వేపచెట్టు నేను పుట్టకముందుది, వేళ్ళతో సహా లేచి గోడ మీద పడింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. మున్సిపాలిటీ వాళ్ళు రంపాలతో ముక్కలు కోసి లారీల్లో ఎత్తుకెళ్తుంటే నేను రెండు కొమ్మలు అడిగి ఉంచుకున్నాను. ఏం చెయ్యాలో తెలియదు, ఆ చెట్టుది ఏదో ఒకటి ఇంట్లో ఉండాలి అంతే. వంటింటి చాకుతో మొదలుపెట్టి ఒక తెడ్డు చేశాను. మా అమ్మ దాంతోనే ఇప్పటికీ ఉప్మా కలుపుతుంది.

షిఫ్ట్ గారూ, మీరు కూడా తెడ్డుతో మొదలుపెట్టండి. ఎండిన టేకు తుండుతో కాదు, అప్పుడే కొట్టిన పచ్చి కొమ్మతో. పచ్చి చెక్కని చాకు తేలిగ్గా కోస్తుంది, చప్పుడు ఉండదు, దుమ్ము లేవదు. ఫ్లాటుకి ఇంతకంటే అనువైన పని లేదు. కొమ్మని నిలువునా రెండుగా చీల్చండి. మధ్యలో ఉండే బెండు భాగం వస్తువులోకి రానివ్వకూడదు, పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. ముందు వెడల్పు వైపు, తర్వాత పిడి. పీచు వాలుకి ఎదురు కోస్తే చాకు లోపలికి దిగబడి చీలిపోతుంది. అలా దిగబడినప్పుడు బలం పెట్టొద్దు, ముక్క తిప్పి అటునుంచి కోయండి.

కొమ్మలు ఎక్కడంటే, వర్షాలకి ముందు కరెంటోళ్ళు తీగల కింద చెట్లు నరుకుతారు. అడిగితే ఇస్తారు. వేప, మామిడి తీసుకోండి. గన్నేరు, పచ్చగన్నేరు అస్సలు ముట్టుకోవద్దు, విషం. మన రోడ్ల పక్కన ఏడాకుల పాల చెట్లు చాలా ఉన్నాయి కదా, చలికాలం ముందు పూసి ఊరంతా ఘాటు వాసన కొట్టేవి. ఆ చెక్క మెత్తన, పూర్వం పిల్లల రాత పలకలకి వాడేవారు. చెక్కడం ప్రాక్టీసుకి బాగుంటుంది కానీ పాలు కారే చెట్టు, వంటింటి సామానుకి వద్దు.

ఫిజియో_సిరిపురం | మంగళవారం, మధ్యాహ్నం 2:00

వృత్తిరీత్యా ఒక్క మాట. పెద్దయ్యాక చేతిపని మొదలుపెట్టేవాళ్ళు ఉత్సాహంలో ఏకబిగిన గంటలు కూర్చుంటారు. బొటనవేలి మొదట్లో, మోచేతి బయటి పక్క నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయండి. మధ్యమధ్యలో లేచి చేతులు విదిలించండి. చాకు పట్టుకోని చేతికి కోత తగలని గ్లవ్ వేసుకోవాలి. రాత్రి షిఫ్టు దిగి నిద్రమత్తులో చాకు పట్టొద్దు, షిఫ్ట్ గారికి ఇది ముఖ్యం.

ఉక్కునగరం_షిఫ్ట్ | శుక్రవారం, రాత్రి 10:30

అందరి రిప్లైలు మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. లేత్ ఆలోచన పక్కన పెట్టాను. ఉలి సాన గారు చెప్పిన రాయి, పేపర్లు, ఒక చాకు, గ్లవ్ కొన్నాను. గరుకు తగలడం అంటే ఏంటో మొదట అర్థం కాలేదు, మొన్న సాయంత్రం తగిలింది! మా ఆవిడని పిలిచి చూపించాను, తనకీ తగిలింది.

క్వార్టర్స్ దగ్గర వేప కొమ్మ దొరికింది. తెడ్డు ఆకారం వచ్చేసింది. వెడల్పు వైపు అంచు పల్చన చేస్తున్నప్పుడు పొట్టు ఎంత సన్నగా లేస్తోందంటే దాని వెనక నా వేలు కనపడుతోంది. పనిచేస్తున్నంతసేపూ ఫోన్ ఎక్కడుందో కూడా చూడలేదు. డ్యూటీలో నా పనంతా స్క్రీన్ మీద అంకెలు చూడటమే. షిఫ్టు అయ్యాక నేను చేసింది ఇదీ అని చూపించడానికి ఏమీ ఉండదు. ఇది మాత్రం టేబుల్ మీద ఉంది.

ఇప్పుడు రెండు సందేహాలు. పిడి చివర వెంట్రుకవాసి పగులు కనపడుతోంది, ఇది పెరుగుతుందా? రెండోది, పైన ఏం పూయాలి? షాపులో వార్నిష్ ఇస్తానన్నాడు.

సీతమ్మధార_వేప | శుక్రవారం, రాత్రి 11:00

కంగ్రాట్స్ అండీ! వార్నిష్ వద్దు, వంటలో వేడికి ఊడుతుంది.

పగులు పెరుగుతుంది, కాబట్టి ఆ చివర రంపంతో కోసెయ్యండి. చెక్క చివర్ల నుంచి నీరు త్వరగా పోతుంది, మధ్యలో నెమ్మదిగా పోతుంది. ఆ తేడాకే పగులుతుంది. ఇకమీదట పని మధ్యలో ఆపినప్పుడు దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి. ఒకటి రెండు రోజులకి మించితే బూజు పడుతుంది, అది కూడా చూసుకోవాలి. చెక్కడం పూర్తయ్యాక ఫ్యాను కిందా ఎండలోనూ పెట్టకుండా, పేపర్లో చుట్టి అల్మరాలో నెమ్మదిగా ఆరనివ్వండి.

ఉలి_సాన | శనివారం, ఉదయం 5:50

ఆ పొట్టు వెనక వేలు కనపడిందన్నారే, అంటే మీ అంచు కుదిరింది. చాలా సంతోషం బాబూ.

నూనె సంగతి. కొబ్బరినూనె, నువ్వులనూనె ఆరవు, కొన్నాళ్ళకి వాసనొస్తాయి. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది. గానుగ దగ్గర తీసినది తీసుకోండి. హార్డ్‌వేర్ షాపుల్లో డబ్బాలో అమ్మే బాయిల్డ్ లిన్సీడ్‌లో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, వంట సామానుకి పనికిరాదు. తెడ్డు బాగా ఆరాక పల్చగా రాసి, కాసేపాగి మిగిలింది తుడిచెయ్యాలి. అలా నాలుగైదు పూతలు, పూతకీ పూతకీ మధ్య కొన్ని రోజులు. తొందరపడితే జిగటగా ఉండిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఇది. అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడెయ్యకండి. ఆరేటప్పుడు అది వేడెక్కుతుంది, ఉండలో వేడి పోయే దారి లేక దానంతటదే అంటుకోగలదు. బయట విడిగా పరిచి ఆరేసి, తర్వాత పారెయ్యండి. మన వేసవిలో అసలు మర్చిపోకూడదు.

వరాహ_ఒడ్డు | శనివారం, ఉదయం 9:15

ఫొటో పెట్టండి సార్, నాన్నకి చూపిస్తాను. మీరు రాసిందంతా ఆయనకి చదివి వినిపించాను. చాకు పట్టుకోవడం వచ్చాక రమ్మను, పప్పుగుత్తి చేయిద్దాం అన్నారు. పప్పుగుత్తికి పిడి సన్నగా, కింద గుండు బరువుగా ఉంటుంది కాబట్టి రెండు రకాల ఉలులు పట్టడం అందులోనే వచ్చేస్తుందట. కుదిరితే వచ్చే నెల రెండో శనివారం రండి, నేనూ ఆ రోజు ఊళ్ళో ఉంటాను.

కంచరపాలెం_కుర్రోడు | శనివారం, ఉదయం 9:30

నేను కూడా రావచ్చా అన్నా? ఫొటోలు తీస్తాను. ఎవరు చేశారో, లక్క ఎలా పడుతుందో అన్నీ రాసి పెడితే కొనేవాళ్ళకి స్ప్రే పెయింట్ బొమ్మకీ మీ బొమ్మకీ తేడా తెలుస్తుంది. ఆర్డర్లు నేరుగా మీ నాన్నగారికే వెళ్ళేలా నంబర్ పెడతాను, నాకేం వద్దు.

వరాహ_ఒడ్డు | శనివారం, ఉదయం 10:05

తప్పకుండా రా తమ్ముడూ. నాన్నని అడిగి నంబర్ సంగతి చెప్తాను. ఒకటి గుర్తుంచుకో, లేత్ దగ్గర నిలబడతావు కాబట్టి వదులు చొక్కా వద్దు, మెళ్ళో ఇయర్‌ఫోన్లు వేలాడకూడదు.

దారపుండ_ఎంవీపీ | శనివారం, ఉదయం 10:40

మీ అందరికీ అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను. మా మనవరాలికి లక్కపిడతలు కొనాలి, మీ అమ్మగారికి క్రోషా మీద ఆసక్తి ఉంటే దారం, సూదులు తెస్తాను. షిఫ్ట్ గారూ, ఆ రోజు మీకు ఏ షిఫ్టో చూసుకుని చెప్పండి. మద్దిలపాలెం నుంచి పొద్దున్నే బస్సులో అందరం కలిసి వెళ్దాం.

ఉక్కునగరం_షిఫ్ట్ | శనివారం, రాత్రి 10:20

ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్. మీరు మద్దిలపాలెంలో ఎక్కండి, నేను కూర్మన్నపాలెంలో ఎక్కుతాను. ఫొటో రేపు పగటి వెలుగులో తీసి పెడతాను. పగిలిన చివర కోసేశాను, పిడి కొంచెం పొట్టిదైంది కానీ మా ఆవిడ చేతికి అదే సరిపోయిందట.